మాలిం అన్న పేరు

ఇమాదుద్దీన్‌కి మొదట అనుమానం వచ్చింది మనిషి మీద కాదు, మాట మీద.

బందరులో అరబ్బీ చదువుకున్నవాడతను. ఏ మాట చెవిన పడినా అది ఎక్కడ పుట్టిందో, ఏ దారిన వచ్చిందో ఆరా తీయందే నిద్రపట్టేది కాదు. కోరంగి రేవులో ఒక పెద్దాయన ఉన్నాడనీ, ఊరంతా ఆయన్ని మాలిం సాయిబు అంటుందనీ విన్నప్పుడు అతని ప్రాణం లేచొచ్చింది. మాలిం అంటే ముఅల్లిం. అరబ్బీలో నేర్పేవాడు, గురువు. ఊరు ఊరే గురువని పిలుస్తోందంటే ఆయన ఎంత చదివిన మనిషై ఉండాలి! చేస్తున్న పంతులు పని వదిలేసి, పుస్తకాల పెట్టె నెత్తిన పెట్టుకుని కోరంగి వచ్చేశాడు.

వచ్చి చూస్తే ఏటి ఒడ్డున ఒక తాటాకు పాక. పాకలో ఒక ముసలాయన తాడు పేనుకుంటున్నాడు. పుస్తకమన్నది మచ్చుకైనా లేదు.

"నన్ను శిష్యుడిగా తీసుకోండి హజ్రత్," అన్నాడు ఇమాదు.

"ఆ కొస పట్టుకో," అన్నాడు ముసలాయన.

నాలుగు నెలలు కొస పట్టుకున్నాడు. నమాజు వేళకి నమాజు, అన్నం వేళకి అన్నం, మిగిలిన వేళల్లో తాడు. పాఠం లేదు, బోధ లేదు. తీసుకొచ్చిన పెట్టె మూత తీసే అవసరమే రాలేదు.

అసలు సంగతి రేవులో తెలిసింది. ఓడ మీద మాలిం అంటే పంతులు కాదట. నడిసముద్రంలో చుక్కల్ని చూసి, ఒడ్డు దగ్గర నీళ్ళ రంగు చూసి, ఓడకి దారి చెప్పేవాడట. ముసలాయన ముప్పై ఏళ్ళు బర్మా రంగానికి పోయే ఓడల మీద ఆ పని చేశాడు. అంతే. పేరు చూసి పరిగెత్తుకొచ్చిన ఇమాదుకి తల కొట్టేసినట్టయింది.

ఆ సాయంత్రం ఇక ఉండబట్టలేక అడిగేశాడు. "హజ్రత్, ముఅల్లిం అన్నది చదువు చెప్పేవాళ్ళ మాట. మీ ఓడవాళ్ళ నోటికి ఎలా వచ్చింది?"

"అరబ్బు ఓడలతో వచ్చింది."

"మాట వచ్చింది సరే. దాని అర్థం ఏమయింది?"

ముసలాయన తాడు ముడి బిగించి, పంటితో లాగి చూశాడు. "అది ఇంకా వస్తోంది," అన్నాడు.

ఇది జవాబో వెక్కిరింతో ఇమాదుకి తేలలేదు. ఆ రోజు నుంచి అతని అనుమానం మాటని వదిలి మనిషిని పట్టుకుంది.

అనుమానపడదలచుకున్నవాడికి సరుకు ఎక్కడైనా దొరుకుతుంది. ఇక్కడైతే గుమ్మంలోనే దొరికింది. నూకాలమ్మ అని ఎండుచేపలు అమ్ముకునే ముసలామె ప్రతి శుక్రవారం పాకకి వచ్చి, ఆకులో చుట్టిన చేపలు గుమ్మంలో పెట్టి, ఒక్క మాటైనా మాట్లాడకుండా వెళ్ళిపోయేది. ముసలాయన ఆమె కనుమరుగయ్యేదాకా తల ఎత్తేవాడు కాదు. ఒకనాడు ఇమాదు ఆమె వెనకాలే నడిచాడు.

"నీకు మా హజ్రత్ మీద అంత భక్తి ఏమిటమ్మా?"

"బత్తా?" నూకాలమ్మ గంప నడుం మీదికి మార్చుకుంది. "మా ఆయన ఆయన ఓడలోనే పోయాడండి. ఇదిగో ఈ మొగలోనే, ఊరు కనపడతా ఉండగా. తొమ్మిదిమంది పోయారు. ఓడని మేటెక్కించింది ఆయనేనండి."

మొగ అంటే ఏరు సముద్రంలో కలిసేచోటు. అక్కడ నీళ్ళ అడుగున ఇసుక మేటలు ఉంటాయి. సరుకుతో ఉన్న ఓడ వాటి మీదికి ఎక్కిందంటే అలలు దాన్ని పగలగొట్టేదాకా ఊరుకోవు.

ఇమాదు "మరి అలాంటి మనిషికి చేపలు తెచ్చిస్తావా?" అన్నాడు.

"ఆయ్, తెచ్చిస్తానండి. ఎందుకో ఆయన్నే అడగండి," అని ఆమె వెళ్ళిపోయింది.

అడగలేదు. అడిగితే నిజం చెప్పేస్తారేమోనని అనుమానాలున్నవాళ్ళకి లోపల ఎక్కడో భయం ఉంటుంది.

మరో సంగతి కూడా ఉంది. పున్నమి వెళ్ళిన మర్నాడు ఒకసారి, అమావాస్య వెళ్ళిన మర్నాడు ఒకసారి, ముసలాయన తెల్లవారగానే చిన్న పడవ తీసుకుని ఒక్కడే మొగవైపు వెళ్ళేవాడు. పడవలో గోనె కప్పిన మూట ఉండేది. నేనూ వస్తానంటే "పడవ చిన్నది," అనేవాడు. పడవలో నలుగురు హాయిగా కూర్చోవచ్చు.

ఒక పున్నమి మర్నాడు ఇమాదు ఒడ్డు వెంట మడచెట్ల చాటున బురదలో పడుతూ లేస్తూ మొగదాకా పోయాడు. చెప్పులు రెండూ బురదకి సమర్పించుకున్నాడు గానీ చూడాల్సింది చూశాడు. మొగలో ఓడలకి దారి తెలియడానికి అంచుల వెంట వెదురు కర్రలు పాతి, కొసలకి గుడ్డపేలికలు కట్టి ఉన్నాయి. ముసలాయన అటూ ఇటూ చూసి, ఒక కర్రని ఊపి ఊపి పీకాడు. పడవని ఎడంవైపు వందగజాలు తోసుకుపోయి, అక్కడ పాతాడు.

దారి గుర్తుని మార్చేస్తున్నాడు! తొమ్మిదిమందిని ముంచినవాడు, ఇంకెంతమందిని ముంచుదామని? ఎండుచేపల ముసలామె ఆయన ఎదుట నోరు ఎందుకు మెదపదు? భయపెట్టి ఉంచాడా? అన్నీ ఒకదానికొకటి అతుక్కుపోయాయి. పాకకి వచ్చేసరికి అతని మనసులో తీర్పు కూడా అయిపోయింది.

రేవు అధికారికి అర్జీ రాశాడు. చక్కటి అర్జీ. వాడిన ప్రతి మాటా సరైన చోట ఉంది. మడిచి తలపాగా మడతలో దాచుకున్నాడు. కానీ ఇవ్వడానికి కాళ్ళు సాగలేదు. ఏమైనా నాలుగు నెలలు ఆయన అన్నం తిన్నాడు. ఆయనే కనక దొంగైతే, పేరు చూసి గురువని మోసపోయిన తన బతుకేమిటి? అది తలుచుకుంటే ఏడుపొచ్చేది. ఇంకొక్కసారి దగ్గర నుంచి చూసి, అప్పుడు ఇద్దామనుకున్నాడు.

అమావాస్య వెళ్ళిన మర్నాడు, "నేనూ వస్తాను హజ్రత్," అన్నాడు.

"రా. మోకాళ్ళు వంగడం లేదు," అన్నాడు ముసలాయన.

ఇన్నాళ్ళూ కాదన్నవాడు ఇవాళ ఇంత తేలిగ్గా ఎందుకు ఒప్పుకున్నాడు? ఇమాదుకి ఈత రాదు. ఆ సంగతి ముసలాయనకి తెలుసు. పడవ ఎక్కేటప్పుడు అల్లా పేరు మామూలు కంటే రెండుసార్లు ఎక్కువ తలుచుకున్నాడు.

పాటు మొదలైంది. సముద్రం వెనక్కి లాక్కుంటూ ఉంటే ఏటి నీరు దానంతట అదే పడవని మొగవైపు తీసుకుపోతోంది. ముసలాయన వెనక కూర్చుని చుక్కాని పట్టాడు. భయం పోగొట్టుకోవడానికి ఇమాదు తన చదువు బయటికి తీశాడు.

"చుక్కాని అన్న మాట కూడా మాదే, తెలుసా? అరబ్బీలో సుక్కాన్ అంటారు."

"మీదైతే నువ్వే పట్టుకో," అని ముసలాయన లేచి ముందుకి వచ్చేశాడు.

చుక్కాని చేతికొచ్చాక ఇమాదుకి ధైర్యమొచ్చింది. ఇక తనని ముంచడం ఎవరి తరం? మొగ దగ్గరికి వచ్చేసరికి కొత్తగా పాతిన కర్ర ఎడంవైపు కనబడింది. అటు చూసి లోపల్లోపల నవ్వుకున్నాడు. నేనంత వెర్రివాణ్ణా? కర్ర ఇదివరకు ఎక్కడ ఉండేదో అతనికి బాగా గుర్తుంది. అసలు దారి అదే. పడవని కుడివైపు, ఆ పాత చోటికి తిప్పాడు.

ముసలాయన చూశాడు. పడవ అంచు గట్టిగా పట్టుకున్నాడు.

పడవ అడుగున బరబరమంది. ఇంకో రెండు బారలు పాక్కుంటూ పోయి ఆగిపోయింది. నీరు దిగిపోతూ ఉంది. చూస్తుండగానే చుట్టూ ఇసుక వీపు బయటపడింది.

ఇమాదు తల దించుకుని, తిడతాడని ఎదురుచూశాడు. ముసలాయన గోనె తీసి, ఇన్నాళ్ళ మూట విప్పాడు. అందులో ఉన్నది సీసపు గుండు, దానికి కట్టిన పొడుగాటి తాడు. తాడుకి బారకొక ముడి. ఇమాదు నాలుగు నెలలుగా కొస పట్టుకున్న తాడే. గుండు అడుగున చిన్న గుంట ఉంటే దాంట్లో వేలితో కొవ్వు అద్దాడు.

"ఆ కొత్త కర్ర దగ్గరికి నడిచి వెళ్ళు. అక్కడ లోతెంతుందో చూసి రా."

"నాకు ఈత రాదు," అన్నాడు ఇమాదు.

ముసలాయన పడవలో ఉన్న ఇంకో పొడుగాటి తాడు అతని నడుముకి కట్టి, గుండు చేతికిచ్చాడు. ఈసారి కొస ఆయన పట్టుకున్నాడు.

ఇమాదు ప్రతి అడుగూ తడుముకుంటూ వెళ్ళాడు. కర్ర దగ్గర నీళ్ళు మోకాలిదాకా కూడా లేవు. గుండు వేస్తే అడుగున కొవ్వుకి ఇసుక అంటుకొచ్చింది. ముసలాయన పట్టుబడ్డాడు అనుకున్నాడు. వెనక్కి దాదాపు పరిగెత్తాడు.

"మీ కర్ర దగ్గరా మేటే! ఓడ అటు వెళ్ళినా బద్దలే!"

ముసలాయన గుండు తిప్పి ఇసుక చూశాడు. కొంచెం నోట్లో వేసుకుని ఉమ్మేశాడు. "అవును. ఈ అమావాస్య పోటుకి మేట కదిలింది."

"మీరు పాతిన కర్రే కదా అది?"

"పాతిన రోజున సరిగ్గానే ఉంది."

ఆయన గొంతులో తప్పించుకోవడం లేదు. కూరలో ఉప్పు ఎక్కువైందని చెప్పినట్టు చెప్పాడంతే.

సముద్రంలో దూరంగా తెరచాప ఒకటి కనిపించింది. ముసలాయన చేయి అడ్డం పెట్టుకుని చూశాడు. "లోవరాజు ఓడ. రంగం నుంచి వస్తోంది. పోటు ఎక్కగానే లోపలికొస్తాడు. కర్ర చూసే వస్తాడు." కొంచెం ఆగి, "నూకాలమ్మ కొడుకు," అన్నాడు.

ఇద్దరూ ఇసుక మీద కూరుకుపోయిన పడవలో కూర్చున్నారు. పోటు వస్తే గానీ కదలడానికి లేదు. ఎండ నడినెత్తికెక్కింది. ఇమాదు ఇక దాచుకోలేకపోయాడు.

"ఆవిడ భర్త మీ ఓడలో పోయాడట."

"చుక్కాని దగ్గర వాడే ఉన్నాడు," అన్నాడు ముసలాయన. "గుండు వేద్దామా మాలిం అని అడిగాడు. పదిహేడేళ్ళుగా తెచ్చిన దారి. తెలిసిన దారిలో గుండు వేస్తే కళాసులు నవ్వుతారని సిగ్గేసింది. వాడి మాటకి నేనే నవ్వాను."

ఆయన తాడు ముళ్ళు ఒక్కొక్కటీ వేళ్ళతో తడుముకుంటూ కూర్చున్నాడు. ఇమాదుకి ఆయన మొహంలోకి చూడడానికి ధైర్యం చాలలేదు. జాలి వేసింది, భయమూ వేసింది, తన మీద తనకి అసహ్యం వేసింది.

నీరు తిరిగింది. పడవ కింద బుడబుడలు మొదలై, కాసేపటికి తేలింది. ముసలాయన పడవని ఆ కర్ర దగ్గరికి తోసి, దాన్ని పీకి పడవలో వేసుకున్నాడు. "గుండు నువ్వే వెయ్యి. నల్లబంక అంటుకొస్తే నీరు పారే దారి. ఇసుక వస్తే కాదు. లోవరాజు ఓడకి బారన్నర ఉంటే చాలు."

ఇమాదు వేశాడు. ఇసుక. ఇంకొంచెం పోయి వేశాడు. ఇసుక. చేతులు కోసుకుపోతున్నాయి. తెరచాప పెద్దదవుతోంది. ఎడమకి పోయారు, కాదు. తిరిగి కుడికి వచ్చారు, కాదు. ఉత్తరంగా మళ్ళి వేసినప్పుడు తాడు చేతిలోంచి జారుతూ పోయింది. ఒక ముడి, రెండో ముడి. పైకి లాగితే గుండుకి నల్లటి బంక.

"రెండు బారలు!" అని అరిచాడు.

ఆ దారి అంచున కర్ర పాతారు. దాని పేలిక ఎప్పుడో చివికిపోయింది. ఇమాదు ఆలోచించకుండా తలపాగా విప్పాడు. మడతలోంచి కాగితం జారి ముసలాయన ఒళ్ళో పడింది.

ఆయన తీసుకుని చేతిలో పెట్టుకున్నాడు. విప్పలేదు. "ఎవరికి?"

అబద్ధం ఆడదామని ఇమాదు నోరు తెరిచాడు గానీ నోరే ఒప్పుకోలేదు. "రేవు అధికారికి. మీ మీద."

"తొమ్మిదిమంది సంగతి రాశావా?"

"రాశాను."

"కర్రలు మార్చడం?"

"అదీ రాశాను."

"రెండూ నిజమే," అని కాగితం తిరిగి ఇచ్చేశాడు.

ఇమాదు అర్జీ విప్పి చదువుకున్నాడు. తన దస్తూరీయే. ప్రతి వాక్యమూ నిజమే. కలిపి చదివితే మాత్రం ఎవరో పిచ్చివాడు రాసినట్టుంది. తడిచేతుల్లో సిరా కారిపోతూ ఉంటే కళ్ళు తుడుచుకుని, దాన్ని ఉండచుట్టి పడవ అడుగున పడేశాడు. తలపాగా గుడ్డని కర్ర కొసకి రెండు ముళ్ళేసి బిగించాడు.

ఓడ మొగ దగ్గరికొచ్చేసింది. ముందు భాగాన ఒక మనిషి నిలబడి రెండు చేతులూ నోటికి అడ్డం పెట్టుకుని కేకేశాడు. అది లోవరాజు గొంతు. వాళ్ళ నాన్న గొంతూ అలాగే ఉండేదేమో, ముసలాయన ఒక్కసారి కళ్ళు మూసుకున్నాడు.

"మాలిం! దారి అదేనా?"

ముసలాయన ఇమాదు వైపు తిరిగాడు.

ఇమాదు లేచి నిలబడ్డాడు. దారి అదే. ఇప్పుడే కదా చూశాడు. రెండు బారల నీరు, నల్లబంక, ఇంకా వేళ్ళకి అంటుకునే ఉంది. అదేనని అరవడానికి గుండెల నిండా గాలి పీల్చుకున్నాడు. కిందకి చూశాడు. కర్ర చుట్టూ నీళ్ళు సుడి తిరుగుతున్నాయి. ఓడ మీద ఇంకా నలుగురైదుగురు తల్లుల పిల్లలు అంచు పట్టుకుని ఇటే చూస్తున్నారు. వాళ్ళు నవ్వినా నవ్వుతారు.

"ఆగండి!" అని అరిచాడు. "తెరచాప దించండి! మళ్ళీ చూస్తాను!"

ఓడ మీద నిజంగానే ఎవరో నవ్వారు. ఇమాదు వినిపించుకోలేదు. గుండుకి కొవ్వు అద్ది, తాడు చేతికి చుట్టుకున్నాడు.

ముసలాయన కొస అందుకున్నాడు.

"మళ్ళీ చూస్తానన్న మాటకే మాలిం అన్న పేరు," అన్నాడు.